లంగరు చెప్పే సాక్ష్యం

పాఠ్యభాగ పరిచయం

సముద్రగర్భంలో లభించిన పాత లంగరు ఏ కాలానిదో, ఏ దేశపు ఓడదో పరిశోధకులు ఎట్లా నిర్ణయిస్తారో ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక్క ఆనవాలును నమ్మి తీర్పు చెప్పడంలోని ప్రమాదాన్ని, పలు ఆనవాళ్ళు ఏకీభవించినపుడు లభించే నిశ్చయాన్ని సోదాహరణంగా తెలుపుతుంది. ప్రాచీన వస్తువులపట్ల మనం పాటించవలసిన బాధ్యతను గుర్తుచేస్తుంది.

పాఠ్యభాగం

తెలుగువారికి సముద్రంతో గల సంబంధం ఈనాటిది కాదు. శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప స్తంభాలుగల ఓడ బొమ్మ కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానులో చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకొనే పూర్వాచారాన్ని ఆ శాసనం మాన్పించింది. 17వ శతాబ్ది ప్రారంభంలో డచ్చివారు, ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకస్థానాలు నెలకొల్పుకొన్నారు. ఇన్ని శతాబ్దాలపాటు మన రేవులకు వచ్చిపోయిన ఓడలలో నేడు మిగిలినవి ఎన్ని? తెరచాపలు చివికిపోయాయి. మోకులు కుళ్ళిపోయాయి. కొయ్యను పురుగులు తొలిచివేశాయి. ఓడ సర్వస్వం నశించినా చాలాకాలం నిలిచి ఉండగల వస్తువులు కొన్నే. వాటిలో ముఖ్యమైనది లంగరు.

చుక్కాని ఓడకు దారి చూపుతుంది. లంగరు ఓడ ప్రాణాన్ని నిలుపుతుంది. ఈదురుగాలి ఓడను రాళ్ళవైపు నెట్టే వేళ నావికుల ఆశలన్నీ ఆ ఇనుపముద్ద మీదనే ఉంటాయి. అందువల్ల ప్రతి కాలంలోను, ప్రతి దేశంలోను మానవుడు తనకు తెలిసిన ఉత్తమమైన పనితనాన్ని లంగరు తయారీలో వినియోగించాడు. పనితనం మారినపుడల్లా లంగరు రూపం కూడా మారింది. ఈ మార్పులే దాని కాలాన్ని నిర్ణయించడానికి మనకు ఆధారాలు.

అయితే ఈ నిర్ణయం తొందరపడి చేయదగినది కాదు. మత్స్యకారుల వలకు తగిలి పైకి వచ్చిన లంగరును చూచి, దట్టమైన తుప్పును బట్టి ‘ఇది వెయ్యేండ్లనాటిది’ అని చెప్పేవారుంటారు. తుప్పు వయస్సుకు కొలమానం కాదు. నీటిలోని ఉప్పదనం, ప్రాణవాయువు, ప్రవాహ వేగం, ఇసుక కప్పుదల మొదలైన వాటిని బట్టి తుప్పు హెచ్చవచ్చు, తగ్గవచ్చు. ఇసుకలో పూడుకొనిపోయిన రెండువందల ఏండ్ల లంగరు, అలల తాకిడికి గురైన యాభై ఏండ్ల లంగరుకంటె చక్కగా నిలిచి ఉండవచ్చు.

మరొక అపోహ కూడా ఉంది. లంగరు దొరికినచోట ఓడ మునిగి ఉంటుందని చాలామంది భావిస్తారు. ఇది సర్వదా నిజం కాదు. లంగరు రాళ్ళ నడుమ చిక్కుకొని పైకి రాకపోయినా, గాలివాన ముంచుకొని వచ్చినా, నావికులు మోకును తెగగొట్టి లంగరును విడిచి ఓడను కాపాడుకొనేవారు. కనుక ఒంటరి లంగరు ఓడ మునిగిన గుర్తు మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు ఓడ బతికి బయటపడిన గుర్తు కూడా. అది తయారైన కాలం వేరు, సముద్రంలో పడిన కాలం వేరు. గట్టి లంగరును తీసి మరొక ఓడకు వాడుకోవడం కూడా ఉండేది. పరిశోధకుడు ఈ రెండు కాలాలను వేరువేరుగా విచారించాలి.

లంగరు నిర్మాణం

పరీక్షకు పూనుకొనే ముందు లంగరు భాగాలను తెలుసుకోవాలి. తెరచాప ఓడల కాలపు ఇనుప లంగరులో నడుమ పొడవైన కాడ ఉంటుంది. కాడ అడుగున ఇరుపక్కలకు చాచిన రెండు బాహువులు, వాటి చివర వెడల్పైన రెక్కలు ఉంటాయి. కాడ పైభాగంలో అడ్డదూలం, ఆపైన మోకును కట్టడానికి కడియం ఉంటాయి. బాహువులు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయనుకొంటే అడ్డదూలం తూర్పు పడమరలుగా ఉంటుంది. ఈ అమరికలోనే లంగరు రహస్యమంతా ఉంది. లంగరు అడుగుకు చేరి మోకు బిగియగానే అడ్డదూలం నేలపై బల్లపరుపుగా ఒరుగుతుంది. అప్పుడు బాహువులలో ఒకటి తప్పనిసరిగా క్రిందికి తిరుగుతుంది. ఓడ లాగినకొద్దీ ఆ బాహువు రెక్క ఇసుకలోకి దిగి నేలను పట్టుకొంటుంది. అడ్డదూలం లేకుంటే ఇటువంటి లంగరు వెల్లకిల పడి, నేలపై జారిపోతుంది.

రాతి లంగరులు

ఇనుము విరివిగా వాడుకలోకి రాకపూర్వం, వచ్చిన తరువాత కూడా, రాయే లంగరుగా ఉపయోగపడింది. రాతి లంగరుల అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేసినవారిలో హోనర్ ఫ్రాస్ట్ అనే విదుషి ముఖ్యురాలు. మన దేశంలో లోథాల్ త్రవ్వకాలకు ప్రసిద్ధుడైన ఎస్.ఆర్.రావు నాయకత్వంలో, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1980లలో ద్వారక, బేట్ ద్వారక సముద్రజలాలలో అన్వేషణలు జరిపింది. అక్కడ పలు రాతి లంగరులు బయటపడ్డాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు రకాలు. మొదటిది ఒక్క రంధ్రం గల బరువురాయి. రెండవది మూడు రంధ్రాలుగల త్రిభుజాకారపు పలక. పై రంధ్రంలో మోకును కట్టి, క్రింది రెండు రంధ్రాలలో కొయ్యమేకులు దిగగొట్టేవారు. మూడవది పొడవైన రాతి దిమ్మె. దానికి పైన గుండ్రని రంధ్రం, క్రింద ఒకదానికొకటి అడ్డంగా సాగే రెండు చతురస్రపు రంధ్రాలు ఉంటాయి. దీనిని ‘ఇండో-అరేబియన్’ రకమని వ్యవహరిస్తారు. ఇటువంటివి పశ్చిమ భారత తీరంలోనేకాక ఇరాన్ తీరంలోని సిరాఫ్ వద్ద, తూర్పు ఆఫ్రికా తీరంలో కూడా లభించాయి. మధ్యయుగాలలో అరేబియా సముద్రంపై సాగిన వర్తకానికి ఇవి మౌనసాక్షులు.

ద్వారక లంగరుల కాలనిర్ణయం విద్యార్థులకు మంచి పాఠం. త్రిభుజాకారపు లంగరులు మధ్యధరా సముద్రతీరంలో క్రీ.పూ. 14–12 శతాబ్దాలనాటి లంగరులను పోలి ఉన్నాయి. ఆ పోలికను బట్టి ద్వారక లంగరులు కూడా అంతటి పురాతనమైనవేనని మొదట భావించారు. తరువాతి పరిశోధకులు ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించారు. ఈ ఆకారం శతాబ్దాల తరబడి వాడుకలో నిలిచి ఉన్నదనీ, ద్వారకలో లభించినవాటిలో అనేకం చారిత్రక, మధ్య యుగాలకు చెంది ఉండవచ్చుననీ వారు సూచించారు. కొయ్యపడవల జాలరులు రాతిని లంగరుగా వాడటం ఈనాటికీ చూడవచ్చు. రెండు వస్తువులు ఒకే రూపంలో ఉన్నంతమాత్రాన అవి ఒకే కాలానివి కానక్కరలేదు.

రాయి వయస్సును కొలిచి లంగరు వయస్సును చెప్పలేం. రాయి పుట్టి కోట్ల ఏండ్లు కావచ్చు. దానిని లంగరుగా చెక్కినది నిన్న మొన్న కావచ్చు. రంధ్రంలో కొయ్యముక్క మిగిలి ఉంటే కార్బన్-14 పరీక్ష ద్వారా ఆ కొయ్య కాలం తెలుస్తుంది. రాతిని పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే అది ఏ జాతి రాయో తెలుస్తుంది. ఆ జాతి రాయి సమీప ప్రాంతంలో లభించకపోతే, లంగరు దూరప్రాంతంలో తయారై వచ్చిందని ఊహించవచ్చు.

ఇనుప లంగరులలో మార్పులు

ఇనుప లంగరుల విషయంలో ఆధారాలు మరింత విరివిగా లభిస్తాయి. బ్రిటిష్ నౌకల లంగరులనే ఉదాహరణగా తీసుకొందాం. 18వ శతాబ్దిలో వాటి కాడ పొడవుగా, బాహువులు నిటారుగా ఉండేవి. రెండు బాహువులు కాడతో కలిసే చోట కోణం స్పష్టంగా కనిపించేది. అడ్డదూలాన్ని రెండు కొయ్యబద్దలను జోడించి, ఇనుపపట్టీలతో బిగించి తయారుచేసేవారు. సముద్రంలో కొయ్య నశించినా దాని ఆనవాలు నశించదు. అడ్డదూలం జారిపోకుండా కాడ పైభాగంలో రెండు చిన్న ఇనుప బొడిపెలు ఉండేవి. ఆ బొడిపెలు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు కొయ్యదూలం ఉండేదని నిశ్చయించవచ్చు.

19వ శతాబ్ది రెండవ దశకంలో ప్లిమత్ నౌకాశాల ఉద్యోగి రిచర్డ్ పెరింగ్ లంగరు తయారీలో సంస్కరణలు తెచ్చాడు. నాటినుండి బ్రిటిష్ లంగరుల బాహువులు విల్లువలె వంపు తిరగసాగాయి. ఇంచుమించు అదే కాలంలో నారమోకు స్థానాన్ని ఇనుప గొలుసు ఆక్రమించింది. నౌకాదళాధికారి శామ్యూల్ బ్రౌన్ 1808లో గొలుసుకు పేటెంటు పొందాడు. గొలుసు కడియం నొక్కుకొనిపోకుండా నడుమ అడ్డుకమ్మీ అమర్చే విధానానికి థామస్ బ్రంటన్ 1813లో పేటెంటు పొందాడు. మోకుకు అనువైన పెద్ద గుండ్రని కడియం స్థానంలో, గొలుసుకు తగిన గుర్రపునాడా ఆకారపు బిగింపు వచ్చింది. క్రమంగా కొయ్యదూలం బదులు ఇనుపదూలం వాడుకలోకి వచ్చింది. అడ్డదూలమే అవసరంలేని లంగరుకు 1821లోనే హాకిన్స్ అనే వ్యక్తి పేటెంటు పొందినా, అటువంటివి పెద్ద ఓడలలో విరివిగా వాడుకలోకి వచ్చింది ఆ శతాబ్ది చివరికాలంలోనే.

ఈ వివరాలు తెలిసినవారు లంగరును చూడగానే తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. ఇవి ఎల్లలను మాత్రమే సూచిస్తాయి. అడ్డుకమ్మీగల గొలుసుతో లభించిన లంగరు సముద్రంలో పడినది 1813కు పూర్వం కాదని సాధారణంగా చెప్పవచ్చు. కాని నారమోకు కడియం ఉన్నంతమాత్రాన అది 1808కి పూర్వపుదని చెప్పలేం. చిన్న ఓడలవారు చాలాకాలం పాత పద్ధతినే అనుసరించారు. వంపు తిరిగిన బాహువులు బ్రిటిష్ నౌకలలో కొత్త అయినా, ఫ్రాన్సు మొదలైన దేశాలలో అంతకు చాలా పూర్వమే ఉండేవి. కాబట్టి దేశాన్ని నిర్ణయించకుండా కాలాన్ని నిర్ణయించబూనితే పొరపాటు తప్పదు.

ఇటలీలోని నేమీ సరస్సు ఇందుకు గొప్ప నిదర్శనం. రోము నగరానికి సమీపంలోని ఈ సరస్సు నీటిని తోడివేసి, 1930 ప్రాంతంలో రెండు పెద్ద నౌకలను వెలికితీశారు. అవి క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమన్ చక్రవర్తి కాలిగులా కాలానివి. వాటితోపాటు లభించిన ఒక ఇనుప లంగరుకు, తీసి మరల అమర్చడానికి వీలైన అడ్డదూలం ఉంది. ఇటువంటి దూలం ఆధునిక యూరపువారి కల్పన అని అంతవరకు తలచారు. ఆ లంగరు నేమీ నౌకల దగ్గర కాక మరెక్కడైనా ఒంటరిగా దొరికి ఉంటే, పండితులు దానిని 18 శతాబ్దాలు ముందుకు జరిపి ఉండేవారేమో! దాని అసలు వయస్సును నిలిపింది దాని రూపం కాదు. అది ఉన్న చోటు. ఆ నౌకలు 1944లో అగ్నికి ఆహుతి అయ్యాయి.

ముద్రలు, అంకెలు

లంగరుపై గల ముద్రలు కూడా విలువైన ఆధారాలు. వెడల్పైన బాణపు గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తిని సూచిస్తుంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ తన వస్తువులపై మూడు అక్షరాలు పెనవేసిన ముద్ర వేసేది. బ్రిటన్‌లో 1864లో వచ్చిన చట్టం పెద్ద లంగరులను బలపరీక్ష చేసి ముద్ర వేయాలని నిర్దేశించింది. అటువంటి పరీక్షాముద్ర ఉన్న బ్రిటిష్ లంగరు కాలనిర్ణయం సులభమవుతుంది.

అంకెల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒక లంగరుపై ‘18–0–5’ అని చెక్కి ఉన్నదనుకొందాం. తొందరపాటు గలవాడు దానిని 1805వ సంవత్సరంగా చదువుతాడు. నిజానికి అది బరువు. పాత బ్రిటిష్ కొలమానంలో మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లను, రెండవది అందులో నాలుగవ వంతులను, మూడవది పౌండ్లను తెలుపుతుంది. ఒక హండ్రెడ్‌వెయిట్ 112 పౌండ్లు. కాబట్టి 18 హండ్రెడ్‌వెయిట్లు 2016 పౌండ్లు; దానికి 5 కలిపితే 2021 పౌండ్లు, అనగా సుమారు 917 కిలోలు. లంగరును తూచి చూస్తే, తుప్పువల్ల తగ్గిన బరువు పోగా, ఈ అంకెకు దగ్గరగా ఉండాలి. లంగరు బరువును బట్టి అది ఎంత పెద్ద ఓడకు చెందినదో కూడా అంచనా వేయవచ్చు. ఒక అంకెను తేదీగా భ్రమపడటంవల్ల ఇంత సమాచారం చేజారిపోతుంది.

ఆధారాలు ఏకీభవించిన సందర్భం

పలు ఆధారాలు ఒకే మాట చెప్పిన సందర్భానికి ఇన్వెస్టిగేటర్ నౌక లంగరులు ఉదాహరణ. మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఆంగ్ల నావికుడు ఈ నౌకపై ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చి, దాని తీరరేఖను చిత్రించాడు. 1803 మే నెలలో నౌక పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని మిడిల్ ఐలాండ్ చేరింది. అప్పటికే నౌకలో పలువురు జిగట విరేచనాలతో బాధపడుతున్నారు. అక్కడినుండి బయలుదేరే సమయంలో నౌక రాళ్ళవైపు కొట్టుకొనిపోసాగింది. నౌకను కాపాడుకోవడానికి ఫ్లిండర్స్ రెండు లంగరులను సముద్రంలోనే విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ సంగతిని ఆయన వ్రాసిపెట్టాడు. నౌక సురక్షితంగా సిడ్నీ చేరింది.

170 ఏండ్ల తరువాత, 1973 జనవరిలో, దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన ఔత్సాహిక గజ ఈతగాళ్ళ బృందం ఫ్లిండర్స్ వ్రాతలను, పటాలను ఆధారం చేసుకొని వెదకి ఆ రెండు లంగరులను కనుగొన్నది. వాటిలో ఒకటి నేడు అడిలైడ్ నగరపు పోర్ట్ అడిలైడ్‌లోని సముద్రయాన ప్రదర్శనశాలలో, రెండవది కాన్‌బెర్రాలోని జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఇక్కడ తేదీ నావికుని వ్రాతలో ఉంది. చోటు పటంలో ఉంది. సంఖ్య రెండుకు రెండు సరిపోయింది. ఒకదానినొకటి ఎరుగని సాక్షులు ఒకే మాట చెప్పినట్లుగా ఈ ఆధారాలు కలిశాయి. అందువల్లనే ఆ నిర్ణయానికి అంత బలం వచ్చింది.

మన బాధ్యత

పై ఉదాహరణలన్నీ ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. రూపం, పదార్థం, ముద్ర, ఉన్న చోటు అనే నాలుగు ఆధారాలలో మొదటి మూడు లంగరుతోపాటు ప్రయాణం చేస్తాయి. నాలుగవది మాత్రం లంగరును కదిలించిన క్షణంలో నశిస్తుంది. లంగరు ఏ దిక్కుకు తిరిగి ఉన్నది, ఎంత లోతున ఉన్నది, దాని చుట్టూ కుండపెంకులు, ఓడ అడుగున బరువుకోసం వేసే రాళ్ళు ఉన్నవా అనే ప్రశ్నలకు ఒడ్డున పడి ఉన్న లంగరు సమాధానం చెప్పలేదు. ఏదో ఒక కార్యాలయపు ముంగిట రంగు పూసి నిలబెట్టిన లంగరు అందంగా ఉండవచ్చు. కాని అది చరిత్ర మరచిన వస్తువు.

చోటుతోపాటు వస్తువు కూడా నశించే ప్రమాదముంది. ఏండ్ల తరబడి సముద్రంలో ఉన్న ఇనుములోకి ఉప్పులోని క్లోరైడులు చొచ్చుకొనిపోతాయి. దానిని పైకి తీసి ఎండబెడితే ఇనుము పగిలి, పొరలు పొరలుగా రాలిపోతుంది. దానిని కాపాడాలంటే క్షారద్రావణంలో ఉంచి, విద్యుత్తు సహాయంతో క్లోరైడులను వెలికి రప్పించాలి. పెద్ద లంగరుకు ఈ చికిత్స నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. అందువల్లనే 2001లో యునెస్కో ఆమోదించిన ఒప్పందం, నీటిలోని సాంస్కృతిక సంపదను ఉన్నచోటనే కాపాడటాన్ని ప్రథమ మార్గంగా పేర్కొన్నది. ఆ సంవత్సరంలోనే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థలో జలాంతర్భాగ పురావస్తు విభాగం ఏర్పడింది. మన దేశంలో 1972నాటి పురావస్తువుల చట్టం నూరేండ్లకు తక్కువకాని చారిత్రక వస్తువులను పురావస్తువులుగా గుర్తిస్తుంది.

తీరగ్రామాలలో ఇటువంటి వస్తువు కంటబడితే చేయవలసిన పనులు కష్టమైనవి కావు. దానిని లాగకూడదు, తుప్పు గీకకూడదు. పక్కన కొలబద్ద ఉంచి ఛాయాచిత్రం తీయాలి. చోటును గుర్తుపెట్టుకొని పురావస్తు శాఖకు తెలియజేయాలి. వలకు చిక్కి అప్పటికే ఒడ్డుకు చేరితే, ఎండనీయకుండా నీటిలో ఉంచాలి. ఎక్కడ, ఎంత లోతున దొరికినదో జాలరిని అడిగి వ్రాసుకోవాలి. ఆ జాలరి చెప్పే నాలుగు మాటలు పరిశోధకునికి లంగరుతో సమానమైన విలువగలవి.

తెరచాప ఓడలపై ప్రయాణించిన సామాన్య నావికులలో అత్యధికుల పేర్లు ఏ శాసనంలోను లేవు. వారు ఏ రేవులో ఆగారో, ఏ గాలివానకు భయపడి ఏ లంగరును విడిచారో చెప్పడానికి ఆ వస్తువులే మిగిలాయి. వాటిని తొందరపడి కదిలించకుండా, తోచిన తేదీని అంటగట్టకుండా, ఓపికతో పరిశీలించడమే వారికి మనం చేయగల న్యాయం.

కఠిన పదాలు – అర్థాలు

ఆనవాలు : గుర్తు
మోకు : లావైన పెద్ద త్రాడు
అభయశాసనం : రక్షణ కల్పిస్తామని హామీ ఇచ్చే శాసనం
బల్లపరుపుగా : ఎత్తుపల్లాలు లేకుండా, సమతలంగా
వెల్లకిల : వెన్ను నేలకు ఆనునట్లు
విదుషి : పండితురాలు
బొడిపె : పైకి ఉబికి ఉన్న భాగం
ఎల్ల : హద్దు
ఏకీభవించు : ఒకే అభిప్రాయానికి వచ్చు, కలియు
క్షారద్రావణం : ఆమ్లగుణానికి విరుద్ధమైన గుణంగల ద్రవం

ప్రశ్నలు

I. వ్యాసరూప ప్రశ్నలు
1. పాత లంగరు కాలాన్ని నిర్ణయించడానికి ఉపకరించే ఆధారాలను సోదాహరణంగా వివరించండి.
2. ‘ఒక్క ఆనవాలును నమ్మి తీర్పు చెప్పరాదు’ – ద్వారక, నేమీ ఉదాహరణల ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహరూప ప్రశ్నలు
1. లంగరులో అడ్డదూలం చేసే పనిని తెలపండి.
2. లంగరు దొరికినచోట ఓడ మునిగి ఉంటుందని ఎందుకు చెప్పలేం?
3. ఇన్వెస్టిగేటర్ నౌక లంగరులను ఎట్లా గుర్తించారు?
4. సముద్రంనుండి తీసిన ఇనుప లంగరును ఎండబెడితే ఏమవుతుంది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మోటుపల్లి అభయశాసనాన్ని వేయించినది ఎవరు?
2. గొలుసు కడియాలకు అడ్డుకమ్మీ అమర్చే విధానానికి పేటెంటు పొందినది ఎవరు?
3. లంగరుపై ‘25–2–14’ అని ఉంటే దాని బరువు ఎన్ని పౌండ్లు?